కోడ్ గురించిన వివరణ ఎక్కడ ఉండాలి?

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ పక్కనే కటవారియా సరాయ్ ఉంది. పేరుకు ఊరు, ఇప్పుడు పొలాలేమీ లేవు. ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఒరుసుకున్న అద్దె ఇళ్లు, గేట్ పరీక్షకో సివిల్స్‌కో చదువుకునేవాళ్లు, ఐఐటీలోనూ జేఎన్‌యూలోనూ పరిశోధన చేసేవాళ్లు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. ఇలాంటి ఇళ్లలో మెట్ల కింద నీళ్ల మోటారు స్విచ్ ఒకటి ఉంటుంది. దాని పక్కన గోడకు ఒక కాగితం: ట్యాంకు నిండగానే ఆపాలి, రాత్రి పది దాటాక వేయకూడదు. ఇదే మాట అద్దె ఒప్పందంలో కూడా ఉండవచ్చు. కాని ఒప్పందం యజమాని బీరువాలో ఉంటుంది. స్విచ్ మీద వేలు పెట్టబోయే మనిషి కళ్లెదుట ఉండేది గోడ మీది కాగితమే.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు రోజూ ఎదుర్కొనే ప్రశ్న కూడా ఇదే. ప్రోగ్రాము ఎలా పనిచేస్తుంది, ఎందుకు అలా రాశారు, దాన్ని ఎలా వాడాలి అని చెప్పే రాతనంతా కలిపి డాక్యుమెంటేషన్ అంటారు. అది ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. ఎక్కడ ఉండాలన్న దగ్గరే తేడాలు వస్తాయి. కోడ్ లోపలే కామెంట్లుగా రాయాలా? ప్రాజెక్టులో వేరే ఫోల్డర్‌లో పెట్టాలా? ఆఫీసు వెబ్‌సైటులోనా, గూగుల్ డాక్‌లోనా? చాలామంది దీన్ని అలవాటుకు సంబంధించిన సంగతిగా చూస్తారు. కాని ఒకసారి ఇది అంతరిక్ష ప్రయోగం దాకా వెళ్లింది.

37 సెకన్లు

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి లేచింది. లోపల నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు ఉన్నాయి. దాదాపు 37 సెకన్లకు దారి తప్పింది. కొద్ది క్షణాల్లోనే విరగడం మొదలై, తనను తాను పేల్చేసుకునే ఏర్పాటు పనిచేసి ముక్కలైంది.

కారణం అందరూ చెప్పుకునేదే. రాకెట్ ఎటు తిరిగి ఉందో, ఎంత వేగంతో కదులుతోందో లెక్కగట్టే పరికరంలోని సాఫ్ట్‌వేరును ఏరియన్ 4 నుంచి తీసుకున్నారు. అందులో 64 బిట్ల దశాంశ సంఖ్య ఒకదాన్ని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోటు ఉంది. 16 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. ఏరియన్ 4 ప్రయాణంలో ఆ విలువ ఎప్పుడూ అంత పెరగలేదు. ఏరియన్ 5కు మొదటి క్షణాల్లోనే అడ్డంగా కదిలే వేగం చాలా ఎక్కువ. సంఖ్య పట్టలేదు, పరికరం ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్, కాబట్టి అది కొన్ని మిల్లీసెకన్ల ముందే అదే కారణంతో ఆగింది. ఆగుతూ మొదటి పరికరం పంపిన లోపం వివరాలను ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారం అనుకుని ఇంజిన్ల నాజిళ్లను పూర్తిగా పక్కకు తిప్పేసింది. ఇంతకీ ఆ లెక్క రాకెట్ నేల మీద ఉన్నప్పుడు పనికొచ్చేదే. లేచాక దానితో అవసరమే లేదు. ఏరియన్ 4 కోసం పెట్టిన నియమం ప్రకారం లేచాక కూడా 40 సెకన్ల పాటు నడుస్తూ ఉంది, అంతే.

ఇక్కడిదాకా చాలా పుస్తకాల్లో దొరుకుతుంది. ఫ్రెంచ్ గణితవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారణ సంఘం అదే ఏడాది జులైలో ఇచ్చిన నివేదికలో మన విషయానికి సంబంధించిన భాగం ఇంకొకటి ఉంది. దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. ఇలా సంఖ్య పట్టకపోయే ప్రమాదం ఏడు వేరియబుల్స్‌కు ఉందని ఇంజినీర్లు ముందే గుర్తించారు. నాలుగింటికి రక్షణ పెట్టారు. మూడింటిని వదిలేశారు. కంప్యూటర్ మీద పని భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం ఉంది, పైగా ఆ మూడూ హద్దు దాటవని వాళ్లు నమ్మారు. ఇది నిర్లక్ష్యం కాదు, భాగస్వాములంతా కూర్చుని తీసుకున్న నిర్ణయం. దానికి కారణం కూడా పత్రాల్లో ఉంది. లేనిది కోడ్‌లో మాత్రమే. ఆ మూడు వరుసల పక్కన ఈ నిర్ణయం ఊసే లేదని సంఘం రాసింది. ఇంత పెద్ద ప్రాజెక్టుకు ఉండే పత్రాల గుట్టలో ఆ ఊహ, ఎవరూ కావాలని దాచకపోయినా, బయటి నుంచి పరిశీలించేవారికి కనపడకుండా పోయిందన్నది వాళ్ల అభిప్రాయం. కోడ్‌కిచ్చినంత శ్రద్ధ దాని వెనక ఉన్న కారణాల పత్రాలకూ ఇవ్వాలని, కోడూ కారణమూ ఒకదానికొకటి పొసిగి ఉండే పద్ధతిని మెరుగుపరచాలని సిఫార్సు కూడా చేశారు.

వరుస పక్కన ఒక కామెంట్ ఉంటే రాకెట్ పడిపోయేది కాదని చెప్పలేం. కొత్త రాకెట్ ప్రయాణ మార్గంతో పరికరాన్ని నేల మీదే పరీక్షించి ఉంటే తెలిసేదని అదే నివేదిక చెబుతుంది. అయినా ఏరియన్ 5 కోసం ఆ కోడ్ తిరగేసిన వ్యక్తికి "ఏరియన్ 4 ప్రయాణ మార్గంలో ఈ విలువ హద్దు దాటదు, అందుకే రక్షణ పెట్టలేదు" అన్న వాక్యం కనపడి ఉంటే, ఆ "4" దగ్గర కళ్లు ఆగి ఉండేవని అనుకోవడం అతిశయోక్తి కాదు.

గదిలో కరెంటు బిల్లు

రాకెట్ల నుంచి మళ్లీ సరాయ్ గదికి వద్దాం. ముగ్గురు స్నేహితులు ఒక గదిలో ఉంటూ కరెంటు బిల్లు పంచుకోవడానికి చిన్న పైథాన్ ప్రోగ్రాము రాసుకున్నారనుకుందాం. ఎవరు ఎన్ని రోజులు గదిలో ఉంటే అంత వాటా. అందులో ఒక వరుస ఇలా ఉంది:

ఉన్న_రోజులు 7 కంటే తక్కువైతే, 7గా తీసుకో

ఏడాది తర్వాత ఒకరు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతారు, ఇంకొకరు చేరతారు. సరాయ్ అంటేనే బాటసారుల సత్రం. కొత్తగా వచ్చినవాడు ప్రోగ్రాము తెరిచి చూస్తాడు. సంక్రాంతికి ఊరెళ్లి నెలలో నాలుగు రోజులే ఉన్నవాడికి ఏడు రోజుల లెక్క పడుతోంది. ఇది తప్పని అనుకుని ఆ వరుస తీసేస్తాడు. కోడ్ పరంగా చూస్తే అతని తప్పేమీ లేదు.

ఆ వరుస మీద "7 కంటే తక్కువైతే 7 చెయ్యి" అని కామెంట్ ఉన్నా లాభం లేదు. అది కోడ్ చెప్పినదాన్నే మళ్లీ చెబుతోంది. ఉండాల్సింది ఇలాంటిది:

# ఊరెళ్లినా గదిలో ఫ్రిజ్ ఆగదు. అందుకే కనీసం 7 రోజుల వాటా అందరికీ.

ఏం చేస్తోందో కోడే చెప్పగలదు. ఎందుకు చేస్తోందో చెప్పలేదు. అందుకే "ఎందుకు" అన్నదానికి మొదటి చోటు ఆ వరుస పక్కనే. మార్చబోయేవాడు ఎక్కడ చూస్తాడో అక్కడ. (పైథాన్ మూడో వెర్షన్ నుంచి కామెంట్లే కాదు, వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో రాయవచ్చు. నలుగురు తెలుగువాళ్లే వాడే ప్రోగ్రాముకు అందులో తప్పేమీ లేదు.)

పేరు కూడా వివరణే. "రోజులు" అన్నదానికంటే "ఉన్న_రోజులు" అన్నది ఎక్కువ చెబుతుంది. కొలమానాల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 1999 సెప్టెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర పోయింది. థ్రస్టర్ల ప్రభావాన్ని న్యూటన్ సెకన్లలో ఇవ్వాలని రెండు బృందాల మధ్య ఉన్న ఒప్పంద పత్రంలో స్పష్టంగా ఉంది. నేల మీది సాఫ్ట్‌వేర్ ఒకటి పౌండ్ సెకన్లలో ఇచ్చింది. తేడా దాదాపు 4.45 రెట్లు. ఇక్కడ పత్రం ఉంది, సరిగ్గానూ ఉంది. కాని ఫైల్‌లో ఉన్నవి ఉత్త అంకెలు. అంకెతోపాటు దాని కొలమానం కూడా నడిచి ఉంటే, అంటే ఫైలు తలమీదనో వేరియబుల్ పేరులోనో ఉండి ఉంటే, రెండో బృందంలో ఎవరో ఒకరికి కంటపడే అవకాశం ఉండేది.

వలపలగిలక కథ

తెలుగు చదివే ప్రతివాళ్లకూ తెలియకుండానే సంబంధం ఉన్న ఉదాహరణ ఒకటి చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో, లిబ్రే ఆఫీస్‌లో అక్షరాలను సరైన ఆకారంలో పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేరుది. పేరు పారశీకం: హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు.

కంప్యూటర్‌లో "ధర్మ" అన్న మాట ధ, ర, పొల్లు, మ అని వరుసగా నిల్వ ఉంటుంది. దాన్ని తెర మీద ఎలా చూపాలి? ఈనాటి తెలుగులో ర మామూలుగా ఉండి మ వత్తుగా మారుతుంది. పాత తెలుగు పుస్తకాలు చూసినవాళ్లకు ఇంకో పద్ధతి తెలుసు: మ మామూలుగా ఉండి, దాని కుడి పక్కన ర గుర్తుగా చిన్న గిలక వచ్చేది. అదే వలపలగిలక. కన్నడంలో ఇప్పటికీ మామూలు రాతలో ఆ పద్ధతే నడుస్తోంది. దేవనాగరిలో అదే ర అక్షరం నెత్తిన కొక్కెంలా కూర్చుంటుంది. కటవారియా సరాయ్ దుకాణాల బోర్డుల మీద "మార్గ్", "కార్డ్" వంటి మాటల్లో చూడవచ్చు. అంటే ఒకే రకమైన నిల్వకు మూడు లిపుల్లో మూడు ఆకారాలు. తెలుగులో వలపలగిలక కావాలని ప్రత్యేకంగా కోరుకుంటే పొల్లు తర్వాత కంటికి కనపడని "కలిపే గుర్తు" ఒకటి పెట్టాలి.

హార్ఫ్‌బజ్ కోడ్‌లో భారతీయ లిపుల కోసం ఒక పట్టిక ఉంది. దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం, ఒక్కో లిపికి ఒక్కో వరుస. తెలుగు వరుస కిందనే కన్నడం వరుస. రెండూ కవలల్లా ఉంటాయి. పొల్లు సంకేతం ఏ లిపిది ఆ లిపిదే, అది ఎలాగూ వేరు. మిగతా అంశాల్లో తేడా ఒకే ఒక్క చోట: ర గుర్తు తనంతట తాను రావాలా, కోరితేనే రావాలా అన్న దగ్గర. కన్నడానికి మొదటిది, తెలుగుకు రెండోది.

ఇప్పుడు తెలుగు, కన్నడం రెండూ రాని ప్రోగ్రామర్ ఒకరు ఈ పట్టిక చూస్తున్నారనుకోండి. జంట లిపులు కదా, ఒక్క అంశం తేడాగా ఉందేమిటి, టైపు చేయడంలో పొరపాటేమో అనిపించడం సహజం. కన్నడంతో సమానం చేశారనుకోండి. వలపలగిలక ఆకారం ఉన్న ఫాంటుతో తెరిచిన ప్రతి తెలుగు పేజీలో ధర్మ, కర్మ, సూర్య, కార్యాలయం అన్నీ వందేళ్ల నాటి రాతలోకి మారిపోతాయి. చదివేవాళ్లలో సగం మందికి ఆ గుర్తేమిటో తెలియదు.

అలా జరగకుండా కాపాడే రాత కోడ్‌లోనే ఉంది. ఆ రెండు పద్ధతులకూ పేర్లు పెట్టిన చోట, పేరు పక్కనే, ఒక్కో వాక్యం. మొదటిదానికి: అక్షరం మొదట్లో ర, పొల్లు వస్తే గుర్తు ఏర్పడుతుంది. రెండోదానికి: ర, పొల్లు, కలిపే గుర్తు మూడూ వస్తేనే ఏర్పడుతుంది. అంతే. పట్టికలో వాడినవి ఉత్త అంకెలు కావు, ఆ పేర్లే కాబట్టి పట్టిక చదివేవాళ్లకు కూడా అర్థం తెలిసే వీలుంది. పరీక్షల కోసం భారతీయ లిపుల్లోని మాటలు కూడా ప్రాజెక్టులోనే పెట్టుకున్నారు. వరుస మారిస్తే పరీక్ష తప్పుతుంది.

అయితే ఈనాటి తెలుగు ఎందుకు ఇలా, పాత తెలుగు ఎలా ఉండేది అన్న కథ ఆ కోడ్‌లో లేదు. అది యూనికోడ్ ప్రమాణ గ్రంథంలో తెలుగు లిపికి కేటాయించిన భాగంలో ఉంది. నాకు ఇది సరైన విభజనగానే కనిపిస్తుంది. ఫాంట్ గీసే కళాకారుడో, లిపి చరిత్ర తెలిసిన పండితుడో ప్రోగ్రాము తెరిచి చదవడు. అతనికి గ్రంథం కావాలి. ప్రోగ్రామర్ గ్రంథమంతా చదవడు. అతనికి వరుస పక్కన వాక్యం కావాలి. ఒకే సత్యానికి ఇద్దరు పాఠకులు, రెండు చోట్లు. నన్నడిగితే తెలుగు వరుస పక్కన "ఇది పొరపాటు కాదు, ఈనాటి తెలుగు రాత ఇంతే" అన్న ఇంకో వాక్యం ఉంటే మరీ మంచిది.

తెలుగు లిపి కోడ్‌లో చిన్న తప్పు ఎంత దూరం పోతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. జ, పొల్లు, ఞ, మధ్యలో ఒక కనపడని గుర్తు, ఆపైన దీర్ఘం కలిసి వచ్చిన మాట ఐఫోన్‌కు వస్తే మెసేజ్ యాప్‌లు మూతపడిపోయాయి. అది ఆపిల్ సొంత సాఫ్ట్‌వేరులోని లోపం. కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. దానికి డాక్యుమెంటేషన్ కారణమని నేను అనడం లేదు. ఇలాంటి కోడ్‌ను తాకేవాళ్లకు పక్కన రాసి ఉన్న ప్రతి మాటా విలువైనదే అంటున్నాను.

మల్లినాథుడి పద్ధతి

మూలానికి దగ్గరగా వివరణ పెట్టడం మనకు కొత్త కాదు. కటవారియా సరాయ్ పక్కనున్న కుతుబ్ సంస్థాగత ప్రాంతంలోనే లాల్ బహదూర్ శాస్త్రి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. సంస్కృత కావ్యాలు చదివేవారు ఎక్కడ చదివినా మల్లినాథసూరిని దాటిపోలేరు. ఆయన మెతుకుసీమలోని కొలిచెలమ వాడు. ఈనాటి మెదక్ జిల్లా కొల్చారం అది. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన సంజీవని వ్యాఖ్య శ్లోకం కిందనే అచ్చవుతుంది, పుస్తకం చివర కాదు. చేతిరాత పుస్తకాల్లో కొన్నిటిలో మూలం పేజీ నడుమ పెట్టి, వ్యాఖ్యను పైనా కిందా రాసేవారు. మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అన్న అర్థంలో మల్లినాథుడు పెట్టుకున్న నియమం కామెంట్లు రాసే ప్రతి ప్రోగ్రామరూ గోడకు అంటించుకోదగ్గది.

ఈ ఆలోచనను కంప్యూటర్లలో చివరిదాకా తీసుకువెళ్లింది డోనాల్డ్ నూత్. 1984లో ఆయన ప్రతిపాదించిన పద్ధతిలో ప్రోగ్రాము అంటే ముందు మనుషులు చదివే వ్యాసం. కోడ్ దాని మధ్య మధ్య వస్తుంది. ఒకే ఫైలు నుంచి ఒక సాధనం కంప్యూటర్‌కు కావాల్సిన కోడ్‌ను, ఇంకో సాధనం మనుషులకు కావాల్సిన పుస్తకాన్ని తీస్తాయి. గణిత గ్రంథాలు అచ్చువేయడానికి వాడే టెక్ సాఫ్ట్‌వేరును ఆయన అలాగే రాసి, 1986లో మొత్తం ప్రోగ్రామును పుస్తకంగా ప్రచురించారు. పద్ధతి గొప్పదే కాని అందరికీ పట్టుబడలేదు. మంచి ప్రోగ్రామూ మంచి వ్యాసమూ రెండూ రాయగలవాళ్లు తక్కువ.

అందరికీ అందింది మధ్యే మార్గం. ఫంక్షన్ తల మీద నాలుగు వాక్యాలు రాస్తారు: ఇది ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది, ఎప్పుడు విఫలమవుతుంది. జావాడాక్, డాక్సిజన్, స్ఫింక్స్ వంటి సాధనాలు వాటిని పోగుచేసి వెబ్ పేజీలు తయారుచేస్తాయి. పైథాన్‌లో ఈ రాతను డాక్‌స్ట్రింగ్ అంటారు. లోపలి పనితనంతో పనిలేకుండా ఫంక్షన్ వాడుకునేవాళ్లకు ఇది సరైన చోటు. లినక్స్ కెర్నల్ కూడా దాదాపు ఇలాగే నడుస్తుంది. పెద్ద వివరణలకు కోడ్‌తోపాటే ఒక డాక్యుమెంటేషన్ ఫోల్డర్ ఉంది. ఫంక్షన్ల వివరణ మాత్రం కోడ్‌లోని కామెంట్ల నుంచే అందులోకి వస్తుంది. 2016 నుంచి దీనికి స్ఫింక్స్ వాడుతున్నారు.

పాతబడే రాత

దగ్గర పెట్టడంలో కూడా ఒక చిక్కుంది. కోడ్ మారుతుంది, కామెంట్ మారదు. గదిలో రోజుల పరిమితి 7 నుంచి 5కు మార్చి, పైన కామెంట్‌లో 7 అలాగే వదిలేస్తే, లేని కామెంట్ కంటే అది ఎక్కువ హాని చేస్తుంది. కంప్యూటర్ కామెంట్‌ను చదవదు, కాబట్టి తప్పని అరవదు. అయినా పక్కనే ఉన్నది మరచిపోవడం కంటే వేరే ఊళ్లో ఉన్నది మరచిపోవడం చాలా తేలిక. కోడ్ మార్పును ఇంకొకరు సమీక్షించేటప్పుడు పక్కనున్న కామెంట్ కూడా అదే తెర మీద కనిపిస్తుంది. గూగుల్ డాక్‌లో ఉన్నది కనిపించదు.

కొంతవరకు కంప్యూటర్‌తోనే చదివించే ఏర్పాటూ ఉంది. 2001లో వచ్చిన పైథాన్ 2.1తో డాక్‌టెస్ట్ అనే భాగం చేరింది. వివరణలో "30 రోజులకు ఇంత ఇస్తే ఇంత వస్తుంది" అని ఉదాహరణ రాస్తే, అది నిజంగా అంతే వస్తుందో లేదో ఆ సాధనం నడిపి చూస్తుంది. రాకపోతే పరీక్ష తప్పినట్టే. రస్ట్ భాషలోనూ ఇదే ఏర్పాటు ఉంది. ఉదాహరణలు అబద్ధం కాకుండా కాపాడటానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు తెలియదు. "ఎందుకు" అన్నదాన్ని మాత్రం ఏ సాధనమూ పరీక్షించలేదు.

విద్యార్థుల ప్రాజెక్టుల్లో నేను ఎక్కువగా చూసిన పొరపాటు దీనికి వ్యతిరేక దిక్కులో ఉంటుంది. అంతా ఒకరి గూగుల్ డ్రైవ్‌లో. ఆ ఖాతా కాలేజీది. చదువు అయిపోయాక ఖాతా మూసేస్తారు, రాత దానితోపాటే పోతుంది. ఇంకొన్ని జట్లకు వాట్సాప్ గ్రూపే డాక్యుమెంటేషన్. "సర్వర్ ఆగితే ఏం చేయాలో మార్చిలో పెట్టాను చూడు అన్నా" అని ఒకరంటారు. ఏ మార్చి అన్నది తేలదు. ఇలాంటి చోట్ల ఇంకో లోపం, రాతకు వెర్షన్ ఉండదు. రెండేళ్ల కిందటి కోడ్‌ను నడపాల్సివస్తే దానికి తగిన రెండేళ్ల కిందటి వివరణ దొరకదు. అదే రాత కోడ్‌తోపాటు ఒకే రిపాజిటరీలో ఉంటే, పాత కోడ్ తీసినప్పుడు పాత వివరణ దానంతటదే వస్తుంది.

అందుకని బిల్లు ప్రోగ్రామునే తీసుకుంటే, నేనైతే ఇలా సర్దుతాను. ఫోల్డర్ తెరవగానే కనపడేలా రీడ్‌మీ ఫైలు: ఇది ఏమిటి, ఎలా నడపాలి, బిల్లు ఫోటో ఎక్కడ పెట్టాలి. ఒక పేజీ చాలు. ఫంక్షన్ తల మీద వాడకం. వింతగా కనిపించే వరుస పక్కన కారణం. వరుసల్లో ఇమడని పెద్ద నిర్ణయాలు కొన్ని ఉంటాయి, మీటరు రీడింగు ఎవరు తీయాలి, ఏసీ ఉన్న గదికి వేరే లెక్క ఎందుకు వంటివి. వాటికి అదే రిపాజిటరీలో ఒక ఫోల్డర్, ఒక్కో నిర్ణయానికి ఒక చిన్న ఫైలు. 2011లో మైకేల్ నైగార్డ్ రాసిన వ్యాసంతో ఈ అలవాటు ప్రోగ్రామర్లలో బాగా వ్యాపించింది: అప్పటి పరిస్థితి, తీసుకున్న నిర్ణయం, దాని పర్యవసానం, అంతే. నిర్ణయం మారితే పాత ఫైలు తీసేయరు, కొత్తది రాసి పాతదాని మీద "ఇది మారింది" అని గుర్తు పెడతారు.

కమిట్ సందేశాన్ని చాలామంది మరచిపోతారు. గిట్‌లో ప్రతి మార్పుకూ ఒక సందేశం జతచేయాలి. "చిన్న మార్పు" అని రాసి వదిలేస్తుంటారు. నిజానికి ఫలానా రోజు ఫలానా మార్పు ఎందుకు జరిగిందన్న ముచ్చటకు ఇంతకంటే తగిన చోటు లేదు. కామెంట్‌లో చరిత్రంతా పెడితే కోడ్ మునిగిపోతుంది. గిట్‌లో "బ్లేమ్" అనే ఆదేశం ఉంది. ఏ వరుసను చివరగా ఎవరు, ఏ రోజు, ఏ కమిట్‌తో మార్చారో చూపిస్తుంది. పేరు నింద అయినా, సందేశాలు సరిగ్గా రాసుకున్న జట్టుకు అది కరదీపిక. 7ను 5 చేసిన రోజున "ఫ్రిజ్ అమ్మేశాం, కూలర్ మాత్రమే ఉంది" అని రాసి ఉంటే, ఆ తర్వాత వచ్చినవాడికి వాదన మొత్తం రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఒకే సంగతి రెండు చోట్ల రాయాల్సి వస్తే, ఒకటి అసలు, రెండోది దానికి దారి చూపేది కావాలి. ఐదు రోజుల నియమం కోడ్ పక్కన ఉంటే, రీడ్‌మీలో ఆ అంకె మళ్లీ రాయకుండా "కనీస రోజుల నియమం లెక్కల ఫైలులో ఉంది" అంటే చాలు. లేకపోతే ఏదో ఒక నెలలో రెండు చోట్లా రెండు అంకెలు ఉంటాయి. అప్పుడు ఏది నమ్మాలో ఎవరూ చెప్పలేరు.

చోటు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గదిలోకి కొత్తగా వచ్చినవారిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "ఈ నెల బిల్లు తీయి" అని చెప్పి మాట్లాడకుండా పక్కన కూర్చోండి. ఎక్కడ ఆగి మీ వంక చూస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ క్షణంలో ఏ ఫైలు తెరిచి ఉంది, కర్సర్ ఏ వరుస మీద ఉంది అన్నది కూడా. వాళ్లు అడగబోయి మానుకున్న ప్రశ్నకు జవాబు రాయాల్సిన చోటు అదే.